పాపం అంటే ఇంగ్లీషులో

నిన్న పొద్దున ఫోనులో వార్తలు చూస్తుంటే, ఫుటీ అని ఆస్ట్రేలియావాళ్ళు పిలుచుకునే ఫుట్‌బాల్‌లో పాత ఆటగాడొకడు చనిపోయాడని కనిపించింది. ఆట మానేసి చాలా ఏళ్ళయిన మనిషి. పెద్ద పేరున్నవాడు కాదు కాబట్టి వార్త కూడా చిన్నదే. ఎన్ని సీజన్లు ఆడాడో, తల్లి ఇంకా సొంతూళ్ళోనే ఉందనీ ఒక వాక్యంలో తేల్చేసి, మిగతాదంతా అతను గోల్ చేయలేకపోయిన ఒకే ఒక్క కిక్ గురించి రాశారు. ఎలా పోయాడో రాయలేదు. చివర్లో మాత్రం, మనసు బాగాలేనివాళ్ళు ఈ నంబరుకి ఫోన్ చేయండి అని ఒక హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చారు. ఈ దేశంలో చావు వార్త కింద ఆ నంబరు కనిపిస్తే ఎవరూ ఇంకేమీ అడగరు.

వార్త మధ్యలో పాత వీడియో ఒకటి పెట్టారు. దాన్ని ముట్టుకోకుండా ఉండాల్సింది, కానీ నొక్కాను. వాన పడుతున్న మైదానం, ఒక సన్నటి కుర్రాడు పరిగెత్తుకొచ్చి బంతిని తన్నడం, అది స్తంభానికి తగిలి పక్కకి పోవడం. ఆ దృశ్యం మీద ఎవరో అతికించిన ఒక గొంతు, "పాపం!" అంటుంది. ఆ వెంటనే పగలబడి నవ్వులు.

ఆ గొంతు మా నాన్నది.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. వినికిడి మిషను తీసి బల్లమీద పెట్టి, కిటికీ పక్కన ఎండలో కూర్చుని ఉన్నాడు. మిషను చెవిలో ఉండి ఉంటే తన గొంతు తనే వినేవాడు. ఫోను బోర్లించి పెట్టేశాను. చెప్పాలా వద్దా అని రోజంతా నలిగాను. ఎందుకు నలిగానో చెప్పాలంటే, ఆ మాటకి ఇంగ్లీషులో అర్థం చెప్పింది ఎవరో ముందు చెప్పాలి.

నా చిన్నతనంలో మేం మెల్‌బోర్న్ శివార్లలో, ఫ్యాక్టరీలకి దగ్గరగా ఉండేవాళ్ళం. నాన్న మన ఊళ్ళో ఇంజనీరింగ్ చదివి వచ్చి, ఇక్కడ కార్లకి బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో, తయారైన ముక్కల్ని కొలిచి చూసే పనిలో కుదిరాడు. ఆ పని నాన్నకి కష్టమనిపించలేదు. కష్టమల్లా సోమవారం టీ రూము. శనివారం జరిగిన ఆట గురించి తప్ప అక్కడ ఇంకో మాట ఉండేది కాదు. మొదట్లో నాన్న తన పెరుగన్నం డబ్బా ముందు తలొంచుకుని తిని లేచొచ్చేవాడు. ఒకరోజు ఎవరో పాపమని పలకరించి, "నీది ఏ టీమ్, మేట్?" అని అడిగితే, "ఇండియా" అన్నాడట. వారం రోజులు నవ్వారట దానికి.

అప్పుడు పక్కింటి ముసలాయన్ని పట్టుకున్నాడు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక శనివారం ఆర్వో, అంటే మధ్యాహ్నం, మా ఇద్దరినీ కంచె దగ్గర నిలబెట్టి ఆట మొత్తం చెప్పాడు. కోడిగుడ్డు ఆకారంలో బంతి. రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్కవాటి నడుమ నుంచి పోతే ఒక్కటి. తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే, ఆట ముగిసిందని సైరన్ మోగినా సరే, పట్టుకున్నవాడికి ఒక కిక్ దక్కుతుంది. "టీమ్ సంగతి నువ్వు ఆలోచించకు మేట్, నాదే నీది," అని తన మెడలో ఉన్న పాత ఉన్ని స్కార్ఫు తీసి నాన్న మెడలో వేశాడు. దానికి కుక్క వాసన, పొగాకు వాసన ఉండేవి. అమ్మ రెండుసార్లు ఉతికినా పోలేదు.

ఆ రోజునుంచి మా ఇంట్లో పేపరు వెనక పేజీ నుంచి మొదలయ్యేది. "ఏవిటండీ, ఉర్దూ పుస్తకం చదివినట్టు వెనకనుంచి మొదలెడతారు?" అనేది అమ్మ. నాన్న పెన్సిలు పెట్టి తెలియని మాటల కింద గీతలు గీసి, పక్కన తెలుగులో అర్థం రాసుకునేవాడు. ఆ రాతలు చదివే నేను సగం తెలుగు నేర్చుకున్నాను. ఒక వారం హీరో అని రాసినవాణ్ణి పై వారం పిరికివాడని రాసేవారు. అదే విలేకరి, అదే ఆటగాడు. "వీళ్ళకి సిగ్గులేదు అమ్మలూ," అని నాన్న పేజీ తిప్పేవాడు. మళ్ళీ మర్నాడు అదే చదివేవాడు.

వంటింటి కిటికీలో రేడియో ఉండేది. శనివారం మధ్యాహ్నం దాని గోల ఒకవైపు, అమ్మ తిరగమోత చిటపటలు ఒకవైపు. మామిడికాయలు దొరక్క అమ్మ పుల్లటి ఆకుపచ్చ ఆపిల్స్‌తో ఆవకాయ పెట్టేది. ఆవపిండి ఘాటు, తడిసిన పేపరు వాసన, కిటికీలోంచి పక్కింటివాళ్ళు పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొగ. ఇప్పటికీ ఆవపిండి కలుపుతుంటే ఎవరో స్కోరు చెబుతున్నట్టే ఉంటుంది నాకు.

మైదానానికి వెళ్ళేరోజు అమ్మ ఐస్‌క్రీము డబ్బాలో నిమ్మకాయ పులిహోర పెట్టి ఇచ్చేది. మూత తీయగానే చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పేవారు. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. అందరూ తింటున్న మీట్ పై కావాలి నాకు, పైన ఎర్రటి సాసు వేసింది. ఒకసారి నాన్న బాత్రూముకి వెళ్ళినప్పుడు పక్కింటి ముసలాయన కొనిచ్చాడు. నాలుక కాలుతున్నా మూడు నిమిషాల్లో మింగేశాను. లోపల ఏ మాంసమో అడగలేదు. ఇంటికొచ్చాక స్కార్ఫు మీద మరక చూసి అమ్మ అడిగితే, కుంకుమ అన్నాను.

నాన్న నాకంటే తక్కువేం తినలేదు. ఒక ఆదివారం మా జట్టు ఆట ఉందని తెలిసీ అమ్మ కేరమ్ డౌన్స్ గుడికి బయల్దేరదీసింది. అభిషేకం జరుగుతుంటే నాన్న చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పక్కనున్న ఆంటీ జాలిగా చూసి, "ఇంత చిన్న వయసులో చెవులు వినపడవా అన్నయ్యగారూ?" అని అడిగింది. నాన్న దీనంగా తలూపాడు. నేను నవ్వాపుకోలేక స్తంభం వెనక్కి పారిపోయాను. ఇప్పుడు నిజంగానే మిషను లేకపోతే వినపడదు.

ఆ కుర్రాడు మా జట్టుకి వచ్చింది ఆ రోజుల్లోనే. పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఎక్కడో గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరివాడు, పెద్ద చెవులు, సన్నటి కాళ్ళు. సీజన్ మొదలయ్యే ముందు అభిమానులు ఆటగాళ్ళని కలుసుకునే రోజు ఒకటి పెట్టేవారు. పేరున్నవాళ్ళ దగ్గర పెద్ద పెద్ద వరసలు. అతని దగ్గర ఎవరూ లేరు. నాన్న నేరుగా అక్కడికే తీసుకెళ్ళి, అమ్మ చేసిన గారెల డబ్బా తెరిచి ముందు పెట్టాడు. అతను అనుమానంగా ఒకటి కొరికి, రెండోది అడక్కుండానే తీసుకున్నాడు. తర్వాత చెవులు ఎర్రగా చేసుకుని, "మా అమ్మకొకటి పట్టుకెళ్ళనా? ఆమె బయట కారులో ఉంది," అన్నాడు. ఆ రోజునుంచి నాన్న అతన్ని "మనవాడు" అనే అనేవాడు. మనవాడు ఆడాడా, మనవాడికి దెబ్బ తగిలిందా అంటూ ఉండేవాడు. పేరుతో పిలవగా నేను వినలేదు.

ఆ ఏడాది చివరి ఆట. గెలిస్తే ఫైనల్స్‌కి వెళతాం. వాన, జలుబు వల్ల మేం వెళ్ళలేదు, రేడియోలో వింటున్నాం. సైరన్‌కి రెండు క్షణాల ముందు మనవాడు బంతి పట్టుకున్నాడు. మా జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. గోల్ కొడితే గెలుపు. రేడియోలో అరుస్తున్న మనిషి కూడా ఒక్కసారి గొంతు తగ్గించాడు. అమ్మ స్టవ్ ఆపేసింది. బంతి స్తంభానికి తగిలింది.

ఆట తర్వాత శ్రోతలు ఫోన్ చేసే కార్యక్రమం ఒకటి వచ్చేది. నాన్న రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నా ఎప్పుడూ లైను దొరకలేదు. ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళందరూ ఆ కుర్రాణ్ణి తిడుతున్నారు. నాన్న వింటూ వింటూ లేచి, గోడకున్న ఫోను తీసి డయల్ చేశాడు. దొరికింది.

"చెప్పు మేట్, ఆ కిక్ చూశావా?" అన్నాడు రేడియో ఆయన. ఆ మాట ఫోనులోంచి, కిటికీలోని రేడియోలోంచి రెండుసార్లు వినిపించింది.

"పాపం!" అన్నాడు నాన్న. గొంతు నిండా దుఃఖంతో, మన ఇళ్ళలో ఎలా అంటామో అలాగే. "పాపం సర్, దట్ బాయ్..."

"ఆగాగు. పా-పమ్? వాట్స్ దట్ మేట్? ఏ భాష? అర్థమేంటి?"

నాన్న బిగుసుకుపోయాడు. ఫ్యాక్టరీలో ఇంగ్లీషులో రిపోర్టులు రాసే మనిషి, ఊరంతా వింటోందనేసరికి నోరు పెగల్లేదు. ఫోనుకి చెయ్యి అడ్డంపెట్టి నా వైపు తిరిగాడు. "అమ్మలూ, పాపం అంటే ఇంగ్లీషులో ఏవంటారే?"

ఆదివారాలు ఒక ఆంటీ తన గరాజులో మాకు తెలుగు క్లాసు చెప్పేది. మూడు వారాల కిందటే మాటలు, వాటి అర్థాలు బట్టీ పట్టించింది. నాకు పదికి పది వచ్చాయి.

"సిన్," అన్నాను ఠక్కున.

నాన్న మొహంలో ఏదో అనుమానం కదిలింది. కానీ అవతల "ఉన్నావా మేట్?" అంటున్నారు. "సిన్, సర్. ఇట్ మీన్స్ సిన్," అన్నాడు.

స్టూడియోలో ఎవరో ఆ మాటని తిప్పి పలికారు. తర్వాత నవ్వులు. "విన్నారా! ఆ కిక్ మహా పాపమట! ఇంతకన్నా బాగా ఎవడు చెప్పగలడు!" లైను కట్టయింది. నాన్న ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు రానిది తనొక్కతే అని మా నమ్మకం. "సిన్ ఏవిటండీ? పూర్ బాయ్ అనాలి గానీ," అంది.

సోమవారానికి ఆ మాట పేపరెక్కింది. వెనక పేజీ నిండా తలవంచుకున్న ఆ కుర్రాడి ఫొటో, పైన అరచేయంత అక్షరాల్లో 'సిన్'. రేడియోవాళ్ళు నాన్న అరుపుని కత్తిరించి దాచుకుని, వారం వారం ఎవరు తప్పు చేసినా వినిపించేవారు. టీవీలో బల్ల చుట్టూ కోట్లు వేసుకుని కూర్చునే మాజీ ఆటగాళ్ళు దాన్ని ఎత్తుకున్నారు. ఆ కిక్‌ని ముందునుంచి, వెనకనుంచి, నెమ్మదిగా వేసి, ప్రతిసారీ చివర్లో నాన్న గొంతు వినిపించి నవ్వేవారు. సీజన్ అయిపోయి ఎండాకాలం వచ్చినా అది ఆగలేదు.

నాన్న సరిదిద్దాలని చూశాడు. పేపరుకి రెండు ఉత్తరాలు రాశాడు. వేయలేదు. రేడియోకి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని, నాచేత దిద్దించుకుని, నాలుగుసార్లు చదువుకున్నాడు. నాన్న గొంతు వినగానే వాళ్ళు సంబరపడిపోయి వెంటనే లైనిచ్చారు. "సర్, దట్ వర్డ్ ఈజ్ నాట్ సిన్. ఇట్ ఈజ్..." అనేలోపు ఎవరో మీట నొక్కారు. నాన్న గొంతుకి నాన్న గొంతే అడ్డొచ్చి, "పాపం!" అంది. నవ్వులు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ నొక్కారు. మూడోసారి నాన్నే ఫోను పెట్టేశాడు.

అయితే నేను? నేను ఆ ఎండాకాలమంతా గాల్లో తేలాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం. లంచ్ టైములో బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని నేను. ఆ గొంతు మా నాన్నదని ఒకరికి చెప్పాను, సాయంత్రానికి స్కూలంతా తెలిసిపోయింది. పిల్లలు నా చుట్టూ చేరారు. "పాపూమ్ కాదు, పా-పం. చివర్లో పెదాలు మూయాలి," అని నేర్పాను. మా ఇంటి గోడలు దాటి ఎప్పుడూ వినిపించని భాషలోంచి ఒక మాట ఊరంతటికీ వచ్చేసింది. అది ఎవరిని కొడుతోందో నేను పట్టించుకోలేదు.

తర్వాతి సీజన్‌లో మొదటి ఆటకి నాన్న, నేను వెళ్ళాం. నాన్నకి ఇష్టం లేదు, నేనే పట్టుబట్టాను. మూడో క్వార్టర్‌లో మనవాడికి బంతి దొరికింది, గోల్‌కి ఎదురుగా, దగ్గర్లో. చిన్నపిల్లలైనా కొట్టగల కిక్. అతను బంతిని చేతుల్లో తిప్పుతుండగా గోల్ వెనకున్న అవతలి జట్టు అభిమానులు మొదలెట్టారు. "పా-పమ్! పా-పమ్!" అది చుట్టూ పాకింది. మా జట్టు అభిమానులు కూడా అందుకున్నారు. వేలమంది తెల్లవాళ్ళు ఒక్క గొంతుతో మా అమ్మా నాన్నల మాట అరుస్తున్నారు. కుర్చీ ఎక్కి నిలబడి నేనూ అరిచాను. అందరికన్నా బాగా పలికింది నేనే.

ఆ కుర్రాడు తలెత్తి మా వైపు చూశాడు. నన్ను కాదు, అంతమందిలో నేనెలా కనిపిస్తాను. కానీ ఆ చెవులు ఎర్రగా ఉండడం నాకు తెలిసింది. తన్నాడు. బంతి ఏ స్తంభం దరిదాపుల్లోకీ పోలేదు.

నేను నవ్వుతూ పక్కకి తిరిగాను. నాన్న కూర్చునే ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. తిట్టలేదు. లేచి నా చెయ్యి పట్టుకుని మెట్లమీదుగా బయటికి నడిపించుకొచ్చాడు. పులిహోర డబ్బా మూత తీయకుండానే కుర్చీ కింద ఉండిపోయింది. రైలెక్కాం. స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తున్నప్పుడు, "అది నేను జాలిపడి అన్న మాటమ్మా," అన్నాడు. అంతే. అర్థం నువ్వే చెప్పావు కదా అని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

రేడియో గరాజులోకి పోయింది. పేపరు మానిపించేశాడు. స్కార్ఫు మడతపెట్టి పక్కింటి ముసలాయనకి తిరిగిచ్చేశాడు. ఆయన ఎందుకని అడగలేదు. టీ రూములో నాన్నని చూడగానే "పా-పమ్!" అని పలకరించేవారట, ప్రేమగానే. నాన్న మళ్ళీ డబ్బా ముందు తలొంచుకుని తినడం మొదలుపెట్టాడు. మనవాడు ఆ ఏడాది ఇంకో నాలుగైదు ఆటలు ఆడి జట్టులోంచి పోయాడు. ఒకసారి పబ్ బయట కూలబడి ఉన్న అతని ఫొటో వేశారు, ఆ తర్వాత అదీ లేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. దాని స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. పక్కింటి ముసలాయన పోయాడు, అమ్మ పోయింది. మామిడికాయలు ఇప్పుడు ఇండియన్ షాపుల్లో దొరుకుతున్నాయి కాబట్టి ఆపిల్ ఆవకాయ ఎవరూ పెట్టరు. ఆ రుచి ఎలా ఉండేదో చెబితే నమ్మే మనుషులే లేరు.

ఇవాళ పొద్దున నాన్నకి చెప్పేశాను. మిషను పెట్టుకోమని, పక్కన కూర్చుని, వార్త చదివి వినిపించాను. వీడియో సంగతి చెప్పలేదు. కింద ఉన్న నంబరు గురించి చెప్పాను. నాన్న కిటికీ వైపు తిరిగాడు.

"గారె పట్టుకెళ్ళాడు కదూ, వాళ్ళమ్మకి," అన్నాడు. "ఆవిడ ఉందిటా?"

ఉందని రాశారన్నాను. ఆ చిన్న ఊళ్ళోనే.

"అయితే ఉత్తరం రాద్దాం. నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులో రాయి. ముందు ఆ మాటకి అర్థం రాయి."

కాగితం తెచ్చుకున్నాను. అమ్మ చెప్పిన రెండు మాటలే రాశాను, 'పూర్ బాయ్' అని. మీ అబ్బాయిని ఎవరో పాపి అన్నారని మీరు అనుకుని ఉంటారు, ఆ గొంతు నాది, నేను అలా అనలేదు, జాలిపడ్డాను, అని నాన్న చెబుతుంటే రాశాను. ఇన్నాళ్ళు ఆలస్యం చేసినందుకు క్షమించమన్నాడు, రాశాను. నాన్న సంతకం చేశాడు. పేరు గీత దాటి కిందికి జారింది.

ఆ సంతకం కింద కొంచెం చోటు మిగిలింది. ఆ మాటకి అర్థం తప్పు చెప్పింది ఆయన కూతురినైన నేనే, ఆ రోజు మైదానంలో అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను, అని రాశాను. కొడుకు పోయిన తల్లికి ఇది అవసరమా అని ఆగాను. కానీ కొట్టేయలేకపోయాను. నాన్న, "ఏదో కలిపావు, చదువు," అన్నాడు. తెలుగులో చదివి వినిపించాను.

నాన్న కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాపం," అన్నాడు.

ఆ తల్లిని అన్నాడో, నన్ను అన్నాడో, ఏ అర్థంలో అన్నాడో అడగలేదు. కవరు అంటించాను.